పందిని తరిమితే మెదడువాపు పోతుందా?

మెదడువాపు కేసులని పేపర్లో పడగానే అధికారుల చూపు ముందుగా పడేది పందుల మీద. పందుల మీదే బతికే ఎరుకల కుటుంబాలు, పందులు పెంచుకునే దళిత కుటుంబాలు ఆ రోజు నుంచి ఊరికి దోషులవుతాయి. పందికి ఈ జబ్బుతో సంబంధం లేదని మేము అనడం లేదు. ఉంది. ఆ సంబంధం ఎంతవరకు, మిగతా బాధ్యత ఎవరిది అన్నదే ప్రశ్న. కర్నూలు, కడప ప్రాంతంలో నీళ్లు ఎటు పారాయో, దోమల మీద జరిగిన పరిశోధన ఏం చెప్పిందో, టీకా ఎవరికి అందాలో చూస్తే తప్ప దానికి జవాబు దొరకదు.

ఊళ్లలో మెదడువాపు అనేది ఒక్క జబ్బు కాదు. జ్వరం వచ్చి, ఫిట్స్ కొట్టి, పిల్లలు స్పృహ తప్పే జబ్బులన్నిటినీ ఆ పేరుతోనే పిలుస్తాం. వాటిలో బాగా పేరుపడింది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. ప్రభుత్వ కాగితాల్లో దాన్ని జేఈ అంటారు. జపాన్‌లో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. మన దేశంలో 1955లో వెల్లూరులో బయటపడింది, అంటే మన చిత్తూరుకు కూతవేటు దూరంలో.

ఈ వైరస్ సహజంగా కొంగల్లాంటి నీటి పక్షుల్లో ఉంటుంది. దోమ ద్వారా పందికి చేరితే పంది రక్తంలో కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో పందిని కుట్టిన దోమ తర్వాత బిడ్డను కుడితే బిడ్డకు వస్తుంది. అక్కడితో గొలుసు తెగిపోతుంది. మనిషి రక్తంలో దోమకు అంటుకునేంత వైరస్ ఉండదు కాబట్టి ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి రాదు. జబ్బుపడిన బిడ్డను గానీ, ఆ ఇంటిని గానీ, ఆ వాడను గానీ దూరం పెట్టడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. వెలివేతకు సాకు వెతుక్కునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

వైరస్ సోకిన వారిలో చాలామందికి ఏమీ తెలియకుండానే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 250 మందిలో ఒకరికి జబ్బు ముదురుతుంది. అలా ముదిరిన వారిలో 30 శాతం దాకా చనిపోవచ్చు. బతికిన వారిలో 20 నుంచి 30 శాతం మందికి మాట, నడక, బుద్ధి, ప్రవర్తనల్లో ఏదో ఒక లోపం జీవితాంతం మిగిలిపోతుంది. వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. ఆస్పత్రిలో చేయగలిగింది ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలబెట్టడం, మెదడులో ఒత్తిడి తగ్గించడం.

కరువు సీమలో నీటి జబ్బు

రాయలసీమ అంటే కరువు. మరి వరిమళ్ల దోమ తెచ్చే జబ్బు ఇక్కడికెలా వచ్చింది? కాలువ వెంట వచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కేసీ కెనాల్‌ను 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. సరుకుల పడవలు కూడా నడపాలని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. పడవలు పోయాయి, వరి మిగిలింది. చుట్టూ మెట్ట, మధ్యలో పచ్చటి తడి చార. కొంగలు దిగేది అక్కడే, దోమ పుట్టేదీ అక్కడే.

ఆ దోమ పేరు క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. నాట్లు వేశాక మడిలో నిలిచే నీళ్లు దానికి అనువైన చోటు. దీని చెల్లెలు లాంటిది క్యూలెక్స్ జెలిడస్. అది మురుగు నీటిలోనూ పెరుగుతుంది. మడికీ మురుక్కీ మధ్య ఉండే ఇళ్లు ఎవరివో మా పాఠకులకు చెప్పక్కర్లేదు. ఊరికి పల్లంలో, ఊరి మురుగు వచ్చి చేరే వైపున మాలవాడ, మాదిగవాడ ఉన్న ఊళ్లు ఎన్నో. పొద్దు వాలేదాకా మడిలో వంగి నాట్లు వేసేది, కలుపు తీసేది ఆ వాడల ఆడవాళ్లే. గట్టు మీద చెట్టుకు కట్టిన ఉయ్యాలలో చంటిబిడ్డ ఉంటుంది. ఈ దోమ కుట్టేది చీకటి పడే వేళ, ఎక్కువగా ఆరుబయట.

ఈ ప్రాంతం పరిశోధకుల కంట పడలేదని అనలేం. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో పక్కనున్న అనంతపురం జిల్లాలో జేఈ విరుచుకుపడింది. ఆ తర్వాతి దశాబ్దంలో మదురైలోని వైద్య కీటక పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు కర్నూలు జిల్లా గ్రామాల్లో ఏళ్ల తరబడి దోమలు పట్టారు. ఏ నెలలో ఏ రకం ఎక్కువ, వానకూ ఎండకూ వాటి సంఖ్య ఎలా మారుతోంది, వాటిలో వైరస్ ఉందా లేదా అని చూశారు. 2002, 2009, 2010 సంవత్సరాల్లో ఆ ఫలితాలు శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యాయి. వాన, ఉష్ణోగ్రత లెక్కలతో దోమల ఉధృతిని ముందే పసిగట్టవచ్చన్నది ఆ పనిలో ముఖ్యమైన ఆశ. విలువైన పని, కాదనలేం. కానీ దోమల లెక్క తీసిన పరిశోధన వాడల లెక్క తీయలేదు. జబ్బుపడిన పిల్లలు ఊరి నడుమ ఇళ్ల వాళ్లా, ఊరి చివరి ఇళ్ల వాళ్లా? ఆ పిల్లల తల్లులు ఏ మడిలో కూలికి పోయారు? ఈ ప్రశ్నలు వేసుంటే నివారణ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తేలేది.

దోమ బయట, మందు లోపల

ఇంటి గోడలకు మందు కొట్టడం మలేరియా కాలం నుంచి అలవాటైన పని. జేఈ దోమ ఎక్కువగా ఇంట్లో వాలదు. పొలాల్లో, గడ్డిలో, చెట్ల మాటున విశ్రాంతి తీసుకుంటుంది. అందుకే గోడల పిచికారీ దీని మీద పెద్దగా పనిచేయదు. పొగ కొట్టడం కేసులు వచ్చినప్పుడు ఆ నాలుగు రోజుల సర్దుబాటు. మూలం మడిలో ఉంది. మడికి నీళ్లు ఎడతెగకుండా నిలపకుండా, మధ్యమధ్య ఆరగట్టి మళ్లీ పెడితే దోమ పిల్లలు ఎదగవని, వేపపిండి కలిపిన యూరియా వాటిని తగ్గిస్తుందని 1990ల్లోనే తమిళనాడు వరిపొలాల ప్రయోగాల్లో తేలింది. ఆరుతడికి నీళ్ల పొదుపు కూడా తోడవుతుంది. అయితే మడి ఎవరిదో నిర్ణయం వారిది. భూమి ఉన్న రైతు చేయాల్సిన మార్పు గురించి అడిగే నాథుడు లేడు, భూమి లేని మనిషి పంది గురించి మాత్రం నోటీసు వస్తుంది.

పందుల దొడ్లు జనావాసాలకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. శాస్త్రపరంగా సబబైన సలహానే. సెంటు భూమి లేని ఎరుకల కుటుంబం ఆ దొడ్డి ఎక్కడ వేసుకోవాలి? స్థలం, నీళ్లు, షెడ్డు ఇవ్వకుండా పందులను పట్టుకుపోతే అది నివారణ కాదు, జీవనోపాధి దోపిడీ. పైగా ఊరపందులన్నిటినీ ఎత్తేసినా కొంగలు ఉంటాయి, మడి ఉంటుంది, దోమ ఉంటుంది.

గొలుసును నమ్మకంగా తెంచేది టీకా. ఒకప్పుడు హిమాచల్‌లోని కసౌలీలో ఎలుకల మెదడు నుంచి తయారుచేసిన టీకా మూడు డోసులు వేయాల్సి వచ్చేది, అదీ చాలినంత దొరికేది కాదు. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో వెయ్యి మందికి పైగా చనిపోయాక కేంద్రం కదిలింది. చనిపోయినవారిలో అత్యధికులు పిల్లలే. 2006 నుంచి చైనాలో తయారైన ఎస్ఏ 14-14-2 టీకాతో ప్రచార కార్యక్రమాలు మొదలయ్యాయి. 2013లో హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ జెన్‌వాక్ తెచ్చింది. దానికి వాడిన వైరస్ మనకు పక్కనే ఉన్న కర్ణాటకలోని కోలార్‌లో దొరికింది. జేఈ ప్రభావిత జిల్లాల్లో ఈ టీకా ఉచితం. తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. తప్పిపోతే 15 ఏళ్ల లోపు వేయించుకోవచ్చు.

రెండో డోసు దగ్గరే మన పిల్లలు జారిపోయే ప్రమాదం ఉంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి మిరపకోతలకు, పత్తి తీతకు కుటుంబాలు గుంటూరు వైపు నెలల తరబడి వలసపోతాయి. బిడ్డకు ఏడాదిన్నర నిండే సమయానికి తల్లి వేరే జిల్లాలో గుడారంలో ఉంటుంది. సొంతూరి ఏఎన్ఎం రిజిస్టరులో ఆ ఇల్లు తాళం వేసిన ఇల్లు. పని చేసే ఊరి రిజిస్టరులో ఆ బిడ్డ పేరే ఉండదు. టీకా ఎక్కడైనా వేయించుకోవచ్చు, ఊరు మారితే హక్కు పోదు. తల్లీబిడ్డల కార్డు మూటలో పెట్టుకుని పోవాలి. కార్డులో జేఈ గడి ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీయో ఏఎన్ఎంను అడగాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మెదడువాపు అనగానే జేఈ అని ముద్ర వేయకూడదు. 2003లో కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు గంటల వ్యవధిలో ప్రాణాలు వదిలినప్పుడు పుణె వైరాలజీ సంస్థ పరీక్షల్లో చాందీపుర వైరస్ బయటపడింది. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. కారణం అది కాదని వాదించిన హైదరాబాద్ పిల్లల వైద్యులూ ఉన్నారు. చాందీపురకు టీకా లేదు. దాన్ని మోసేది దోమ కాదు, మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో ఉండే శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. అక్కడ నివారణ అంటే పక్కా ఇల్లు. ఏ జబ్బో తేల్చేది వెన్నునీరు, రక్తం పరీక్షలే. కాబట్టి ఫిట్స్ వచ్చిన బిడ్డను ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి పొద్దు పుచ్చకుండా 108లో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. పరీక్ష చేశారా, ఏం తేలింది అని అడిగి కాగితం తీసుకోవాలి.

ఆ కాగితం తర్వాత కూడా పనికొస్తుంది. జబ్బు తగ్గి ఇంటికొచ్చిన బిడ్డకు చెయ్యి పడిపోయినా, చదువు ఎక్కకపోయినా అది 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది. బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేసుకుని, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉందని ధ్రువపత్రం తెచ్చుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000.