జైలు గేటు దాటాక తొలి పదిహేను రోజులు

నిజాం కాలంలో పాలమూరు మనిషికి మతి చలిస్తే, పెద్దాసుపత్రి వందల మైళ్ల అవతల జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వచ్చింది. జైలు నుంచి తిరిగొచ్చినవాళ్ల మనసు గోడు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో జైలుకెళ్లిన నల్లగొండ రైతులకు బయట సంఘం ఉండేది, ఊళ్లో గౌరవం ఉండేది. కొట్లాట కేసులోనో దొంగతనం కేసులోనో పోయినవాడికి ఆ ఊతం ఎన్నడూ లేదు.

జైలుకు బదులు పర్యవేక్షణలో ఉంచే ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది. విడుదలైనవాళ్ల ఆలనాపాలనా జైళ్ల శాఖ బాధ్యత కావాలని 1983లో జైళ్ల సంస్కరణల మీద వేసిన ముల్లా కమిటీ చెప్పింది. ఆలనాపాలన అంటే అందరికీ గుర్తొచ్చింది ఉపాధే. తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇచ్చింది. అది చిన్న మేలు కాదు. ఉస్మానియా ఆచార్యురాలు బీనా చింతలపూరి చర్లపల్లి జైల్లో నడిపిన ‘ఉన్నతి’ కార్యక్రమం ఖైదీల ఆలోచనా తీరు మీదే పనిచేసింది. అయితే అది లోపలి పాఠం.

బయటికొచ్చాక, మన జిల్లాల్లో అసలు చిక్కు కల్లు దగ్గర మొదలవుతుంది. డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ కలిపిన మందు కల్లుకు అలవాటుపడ్డ ఒళ్లు, అది అందకపోతే తట్టుకోలేదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఫిట్స్‌తో, వంకరపోయిన మెడలతో, పిచ్చిచూపులతో జనం మహబూబ్‌నగర్‌లోనూ ఆసుపత్రులకు చేరారు. అరెస్టయినవాడికి ఆ బాధ జైల్లో తొలి రోజుల్లోనే వస్తుంది. నెలల తర్వాత బయటపడి కల్లు కాంపౌండులో పాత లెక్కనే తాగితే, అలవాటు తప్పిన ఒంటికి అదే విషం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం మీద 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, విడుదలైన తొలి రెండు వారాల్లో మరణ ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 12.7 రెట్లు; వాటిలో ఎక్కువ చావులకు కారణం మాదకద్రవ్యాల మోతాదు మించడమే.

2017 మానసిక ఆరోగ్య చట్టం కింద 2018లో వచ్చిన నియమాలు విడుదల తర్వాత మందులు, కుటుంబానికి అవగాహన, ఇల్లులేనివాళ్లకు నీడ ఉండాలన్నాయి. మంచి మాటలే. కానీ అవి శిక్ష తీరే తేదీ ముందే తెలిసిన ఖైదీకి సరిపోతాయి. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణలో ఉన్నవాళ్లే. బెయిలు ఉత్తర్వు ఏ పూట వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చాక ఆగేది లేదు. అప్పటిదాకా మానసిక జబ్బుకు రోజూ ఇచ్చిన మాత్రలు లోపలే ఉండిపోతాయి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయాలన్నా చేతిలో ఫోనుండాలి.

అందుకే బయటికెళ్లేవాడి మందుల ఏర్పాటు విడుదల నాడు కాదు, జైలుకొచ్చిన మొదటి రోజే మొదలవ్వాలి. మందుల మీద ఉన్న ప్రతి ఖైదీ పేరిట పదిహేను రోజుల మాత్రలు, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడికి రాసిన చీటీ గేటు దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.