కాళ్ళు నిలవని రాత్రి

రాత్రి ఒంటిగంట దాటింది. వరండాలో అన్నయ్య నడుస్తూనే ఉన్నాడు. గేటు దాకా వెళ్తాడు, గొళ్ళెం ముట్టుకుంటాడు, వెనక్కి తిరుగుతాడు. తులసికోట దగ్గర ఆగినట్టే ఆగి, నిలబడ్డ చోటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తుంటాడు. మళ్ళీ గేటు. కాకినాడ ఉక్క సంగతి తెలిసిందేగా, బనీను వీపుకి అంటుకుపోయింది.

"కాసేపు కూర్చోరా నాయనా" అంటుంది అమ్మ గుమ్మంలోంచి.

కూర్చుంటాడు. ప్లాస్టిక్ కుర్చీ చేతులు రెండూ బిగించి పట్టుకుంటాడు. ముందు మోకాళ్ళు ఊగడం మొదలవుతుంది. తర్వాత పాదాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. మడమలు లేస్తాయి, వేళ్ళు ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కిర్రుమంటాయి. అంతే, లేచిపోతాడు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అలా.

అమ్మ నా రెక్క పట్టుకుని లోపలికి లాగుతుంది. "మళ్ళీ మొదలైందే! అప్పుడూ ఇంతేగా, రాత్రంతా తిరిగేవాడు. ఆ కొత్త మాత్ర వీడికి పడలేదు. పాతదే ఇంకోటి వేసేద్దాం, పడుకుంటాడు."

పాతది ఓలాంజపిన్. అన్నయ్యని మళ్ళీ మనిషిని చేసింది అదే, కాదనను. ఫ్యానులోంచి గొంతులు వినపడటం ఆగింది, ఎదురింటాయన తనని కనిపెట్టి చూస్తున్నాడన్న భయం పోయింది, ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. కాకపోతే ఆకలి. భోజనం చేసి లేచిన కాసేపటికే వంటింట్లో డబ్బాల మూతలు చప్పుడయ్యేవి. ఆ మందు మెదడులో హిస్టమిన్ గ్రాహకాలని కూడా కట్టేస్తుంది. నిద్ర ముంచుకురావడానికీ, తిన్నా తిన్నట్టు లేకపోవడానికీ అదొక కారణం. చొక్కాలు బిగుతయ్యాయి, ప్యాంట్లు మారాయి, చివరికి హెచ్‌బీఏ1సీ 6.3 అని రిపోర్టు వచ్చింది. 6.5కి చేరితే షుగరే. అందుకే అరిపిప్రజోల్‌కి మార్పు. ఒక్కసారిగా కాదు. కొత్తది పొద్దునపూట 10 మిల్లీగ్రాములతో మొదలు, రాత్రి వేసుకునే పాతది 15 నుంచి 10కి, ఆపైన 5కి. ఈమధ్యే కొత్తదాన్ని 15 చేశారు.

బీపీ మాత్ర మారి కాళ్ళు వాస్తే మనం మందునే తిడతాం. ఈ జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏం జరిగినా మనిషి మీదికే తోస్తాం. విసుక్కుంటే జబ్బు, నిద్రపట్టకపోతే జబ్బు, గట్టిగా నవ్వినా జబ్బే. అమ్మని ఏమంటాను? ఆ అప్పటి రాత్రులు ఆవిడే కాపలా కాసింది.

వదిన అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాప లెక్కల నోట్సు. వెనక పేజీల్లో రాస్తోంది: మాత్ర ఎప్పుడు వేశారు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు. అన్నయ్య దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తుంది.

"ఏవండీ, పడుకోవాలని ఉందా?"

"చచ్చే నిద్ర వస్తోంది. ఒరిగితే కాళ్ళు ఊరుకోవట్లేదు. నడిస్తేనే కాస్త నయం."

"గొంతులేమైనా?"

"ఎదురింటాయన గురక తప్ప ఏమీ వినపడట్లేదు."

ఈ చివరి మాట విని నేను నవ్వాపుకోలేకపోయాను. వదిన మాత్రం అదీ రాసుకుంది. అసలు తేడా అక్కడే ఉంది మరి. జబ్బు ముదిరినప్పుడు అన్నయ్యకి నిద్ర అక్కర్లేదు, నడుస్తున్నానన్న స్పృహే లేదు. ఇప్పుడు నిద్ర కోసం బతిమాలుకుంటున్నాడు, తన కాళ్ళని తనే తిట్టుకుంటున్నాడు.

దీన్ని డాక్టర్లు అకథీసియా అంటారు. అరిపిప్రజోల్ డోపమైన్ గ్రాహకాన్ని పూర్తిగా మూసెయ్యదు, కొంత పని చెయ్యనిస్తుంది. బరువు, షుగరు విషయంలో ఓలాంజపిన్ కంటే చాలా నయం. కానీ ఈ అశాంతి కొందరిలో తెస్తుంది, అదీ మొదలుపెట్టిన కొత్తల్లో, మోతాదు పెంచినప్పుడు. పైగా రాత్రి మాత్ర తగ్గేసరికి అదిచ్చే మత్తూ తగ్గింది. రెండూ ఒకేసారి వచ్చి పడ్డాయి.

అమ్మ పాత మాత్రల అట్ట పట్టుకొచ్చింది. వదిన లేచి, మెల్లిగా చేతిలోంచి తీసుకుంది. "వద్దండి అత్తయ్యా. డాక్టరు గారిని అడక్కుండా పెంచొద్దు, మానొద్దు." మానినా ఆ రాత్రికి ఒరిగేదేమీ లేదు కూడా. అరిపిప్రజోల్ ఒంట్లో సగానికి తగ్గాలంటే దాదాపు 75 గంటలు పడుతుంది. పెంచిన మోతాదు పూర్తిగా నిలదొక్కుకోవడానికి రెండు వారాలు.

వదిన 14416కి ఫోన్ చేసింది. టెలీ మానస్ అని, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు. అవతలి గొంతు ముందు అడిగింది: జ్వరం ఉందా, ఒళ్ళు బిగుసుకుపోతోందా, చనిపోవాలన్న మాట ఏమైనా అంటున్నారా? ఈ కుదురులేనితనం కొందరిని అంతదాకా తోస్తుంది, అందుకే ఆ ప్రశ్న. మొహమాటపడి దాటవేసేది కాదది. వదిన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అన్నయ్యని సూటిగా అడిగేసింది.

"లేదే" అన్నాడు అన్నయ్య. "ఈ కాళ్ళు కాసేపు ఊడదీసి పక్కన పెడితే బాగుండుననిపిస్తోంది, అంతే."

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ, లేదంటే తెల్లారగానే మీ డాక్టర్ని కలవమనీ చెప్పారు. తెల్లారేదాకా వంతులేసుకుని అన్నయ్యతో నడిచాం. బకెట్లో చన్నీళ్ళు పోసి పాదాలు పెట్టించాం, ఒకటి రెండు నిమిషాలు ఆగాయి. నాలుగింటికి కాఫీ అడిగితే వదిన ఇవ్వలేదు, మజ్జిగ ఇచ్చింది. కాఫీ ఈ కుదురులేనితనాన్ని ఇంకా ఎగదోస్తుంది.

పొద్దున క్లినిక్కులో బెంచీ మీద చోటున్నా అన్నయ్య నిలబడే ఉన్నాడు. కాంపౌండరు "కూర్చోండి సార్, పిలుస్తాను" అని ఊరుకోడే! లోపల డాక్టరు గారు కబుర్లు మొదలుపెట్టారు, ఆఫీసెలా ఉంది, పాప ఏ క్లాసు అని. కళ్ళు మాత్రం టేబులు కింద పాదాల మీద. రెండు నిమిషాలు అలా కూర్చోబెట్టి, రెండు నిమిషాలు నిలబెట్టి మాట్లాడారు. ఊరికే కాదు. 1989లో బార్న్స్ అనే ఆయన తయారుచేసిన కొలబద్ద ప్రకారం ఇలాగే చూడాలి: కూర్చుని కొంతసేపు, నిల్చుని కొంతసేపు, ఆపైన లోపల ఎలా ఉందో మనిషినే అడగాలి. తర్వాత వదిన నోట్సు తీసుకుని వెనక పేజీలన్నీ చదివారు.

"జబ్బు తిరగబెట్టలేదమ్మా. ఇది మందు పనే."

కొత్త మాత్ర 15 నుంచి మళ్ళీ 10కి దించారు. పాతది 5 దగ్గరే ఇంకొన్నాళ్ళు ఉంచుదామన్నారు. ఉబ్బసం ఉందా అని అడిగి, నాడి, బీపీ చూసి, ప్రొప్రనొలాల్ 10 మిల్లీగ్రాములు రెండుపూటలా రాశారు. మందుల షాపులో కుర్రాడు "ఇది బీపీకి కదండీ" అన్నాడు. అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది: "వీడికి బీపీ కూడానా!" గుండె దడకీ చేతుల వణుకుకీ వాడే ఆ పాత మాత్రే ఈ కాళ్ళనీ కాస్త శాంతపరుస్తుందని ఆవిడకి చెప్పేసరికి ఆటో ఇంటికొచ్చేసింది.

ఒక్క పూటలో తగ్గలేదు. ముందు కుర్చీ కిర్రుమనడం తగ్గింది, తర్వాత టీవీలో వార్తలు అయ్యేదాకా కూర్చోగలిగాడు. నిద్ర ఇంకా ముక్కలు ముక్కలుగానే ఉంది. మంగలి దుకాణానికి పోనంటున్నాడు, గెడ్డం పెరిగింది.

ఇవాళ మధ్యాహ్నం విస్తరి ముందు కాళ్ళు ముడుచుకుని కూర్చుని, మొత్తం భోజనం చేసి లేచాడు. అమ్మ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అంది: "చూశావా, పప్పులో మారు అడగలేదు. పెరుగన్నం సగం వదిలేశాడు. ఈ మందుతో వీడు చిక్కిపోడూ?"

"రాశానండి అత్తయ్యా" అంది వదిన. "డాక్టరు గారు దానికోసమే మార్చారు."