గెలాక్సీ ముందు తెర: ఆకాశ ఛాయాచిత్రాల్లో ధూళి చరిత్ర

సప్తర్షి మండలంలోని ఎం81 గెలాక్సీని చాలా గంటల ఎక్స్‌పోజరుతో, అంటే సెన్సారు మీద అంతసేపు వెలుగు పడనిచ్చి తీసిన నేటి ఛాయాచిత్రాల్లో, గెలాక్సీ చుట్టూ ఉండవలసిన నలుపు కనిపించదు. దాని స్థానంలో పలుచని పొగ పాయలు చట్రమంతటా అల్లుకొని ఉంటాయి. బెర్లిన్‌కు చెందిన యోహాన్ బోడె 1774లో కనిపెట్టిన ఈ గెలాక్సీ మనకు సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది; పాయలుగా కనిపించే ధూళి మాత్రం మన పాలపుంతకే చెంది, కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ఈ తేడా తెలియడానికి రెండు శతాబ్దాలు పట్టింది. ఆ కాలంలో ధూళి ఛాయాచిత్రాల్లోకి అనేకసార్లు ఎక్కింది, కానీ ఎక్కిన ప్రతిసారీ దాని చోటును మనుషులు మరోలా నిర్ణయించారు. ఆకాశ ఛాయాచిత్రణ చరిత్రలో చిత్రం ముందు వచ్చి, దాని అర్థం తరువాత వచ్చిన ఘట్టాల్లో ఇంతకన్నా చెప్పుకోదగినది మరొకటి లేదు.

ఛాయాచిత్రాలకు పూర్వమే విలియం హెర్షెల్ ఈ సమస్య రెండు ముఖాలనూ తాకాడు. పాలపుంతలో నక్షత్రాలు కనబడని నల్లని చోట్లను ఆయన ఆకాశంలోని ఖాళీలుగా భావించాడు. మరోవైపు 1811లో, విశాలంగా పరుచుకున్న మసక వెలుగు తన కంటికి తోచిన 52 ప్రాంతాల పట్టికను ప్రచురించాడు. ఆ పట్టికను పరీక్షించే పని తొంభై ఏళ్ల తరువాత ఇంగ్లండులోని ఐజక్ రాబర్ట్స్ చేపట్టాడు. భవన నిర్మాణ వ్యాపారంలో సంపాదించిన సొమ్మును దూరదర్శినుల మీద వెచ్చించిన రాబర్ట్స్, 1888 డిసెంబరు 29న 20 అంగుళాల దర్పణ దూరదర్శినితో దేవయాని గెలాక్సీని నాలుగు గంటల ఎక్స్‌పోజరుతో చిత్రించి పేరు పొందినవాడు. అంతసేపు ఎక్స్‌పోజరు ఇవ్వగలగడం పొడి ప్లేట్ల పుణ్యమే. అంతకు ముందున్న తడి ప్లేటు పూత కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయేది. 1871లో రిచర్డ్ మాడక్స్ రూపొందించిన జెలటిన్ పూత ఆరిన తరువాత కూడా వెలుగును గ్రహించేది కాబట్టి, 1880లో హెన్రీ డ్రేపర్ 51 నిమిషాలు, ఎనిమిదేళ్లకు రాబర్ట్స్ నాలుగు గంటలు వేచి ఉండగలిగారు.

దేవయాని చిత్రంలో వెలుగు వలయాల మధ్య నల్లని చారలు స్పష్టంగా పడ్డాయి. అవి ధూళి పట్టీలు. రాబర్ట్స్ మాత్రం వాటిని వలయాల మధ్య ఖాళీ జాగాగా చదివి, ఒక సౌరకుటుంబం రూపుదిద్దుకుంటున్న దృశ్యమని నమ్మాడు. హెర్షెల్ 52 ప్రాంతాలను ఫొటో తీసి 1903లో ఫలితాలు వెల్లడించినప్పుడు, నాలుగింటిలో తప్ప మిగతా వాటిలో నీహారిక జాడే లేదని తేల్చాడు. ఎడ్వర్డ్ బార్నార్డ్ దీన్ని ఒప్పుకోక, అదే ఏడాది తన ప్లేట్ల ఆధారంగా అభ్యంతరం తెలిపాడు. ఈ వివాదంలో న్యాయం బార్నార్డ్ వైపే ఎక్కువగా ఉంది. ప్లేటు మీద ఏమీ పడలేదంటే ఆకాశంలో ఏమీ లేదని కాదు, ఆ ప్లేటుకు, ఆ కటకానికి అందేటంత వెలుగు లేదని మాత్రమే.

నాష్‌విల్‌లో పేద కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే ఫొటో స్టూడియోలో పనికి చేరిన బార్నార్డ్‌కు ఈ సంగతి చేతివృత్తి ద్వారానే తెలుసు. 1889 నుంచి లిక్ వేధశాలలో ఆయన పాలపుంతను చిత్రించింది పెద్ద దూరదర్శినితో కాదు, మనుషుల బొమ్మలు తీయడానికి స్టూడియోలో వాడిన 6 అంగుళాల విల్లర్డ్ పోర్ట్రెయిట్ కటకంతో. కుర్చీలో కూర్చున్న మనిషి కదలకముందే బొమ్మ ముగించేందుకు తయారైన ఆ కటకానికి వ్యాసంతో పోల్చితే నాభ్యంతరం చిన్నది, అంటే అది తెచ్చిన వెలుగు తక్కువ విస్తీర్ణంలో పడి గాఢంగా ఉంటుంది. నక్షత్రం బిందువు కాబట్టి దానికి వ్యాసం పెరిగినకొద్దీ లాభం. పరుచుకున్న మసకకు మాత్రం నాభ్యంతరానికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తే ముఖ్యం. నేటికీ ధూళిని చిత్రించేవారు ఎంచుకునేది ఇలాంటి "వేగవంతమైన" కటకాలనే.

అయినా తాను చిత్రించిన నల్లని చోట్లు వస్తువులా, ఖాళీలా అన్న ప్రశ్న బార్నార్డ్‌ను చాలా ఏళ్లు వదల్లేదు. 1913 వేసవిలో చంద్రుడు లేని ఒక రాత్రి, ధనుస్సు రాశిలోని ప్రకాశవంతమైన నక్షత్ర మేఘాల మీదుగా చిన్న చిన్న మబ్బు తునకలు సాగడం ఆయన గమనించాడు. వెనకనున్న వెలుగు ముందు ఆ మబ్బులు సిరా చుక్కల్లా నల్లగా, తన ప్లేట్ల మీది మచ్చలను అచ్చంగా పోలి ఉన్నాయి. ఈ పరిశీలనను ఆయన 1916లో ప్రచురించాడు. 1919లో 182 నల్లని వస్తువుల పట్టికను వెలువరించేనాటికి, అవి వెనకనున్న వెలుగును అడ్డగించే పదార్థమన్న నిర్ణయానికి దాదాపు వచ్చేశాడు. ఆయన మరణానంతరం 1927లో వెలువడిన పాలపుంత అట్లాసులో అచ్చు బొమ్మలకు బదులు అసలైన ఫొటో ప్రింట్లనే అతికించారు. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి ఆమోదించినవాడు బార్నార్డే, ఎందుకంటే అచ్చు యంత్రం మింగేసే మసక తేడాల్లోనే ఆయన జీవితకాలపు శ్రమ ఉంది.

ఇదే కాలంలో హైదరాబాదులో కూడా ఆకాశాన్ని ప్లేట్ల మీదికి ఎక్కించే పని సాగింది. పారిస్‌లో 1887లో జరిగిన సమావేశం ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసే పనిని పలు దేశాల వేధశాలలకు పంచింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు కేటాయించినా, చివరకు నిజామియా వేధశాలకు దక్కింది. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పగా 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించిన ఈ వేధశాలలో, 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఫొటోల కోసమే తయారైన దూరదర్శినితో, పని నడిచింది. రాబర్ట్ పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో వెలువడిన సంపుటాల్లో లక్షల నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి. హైదరాబాదు పట్టీ ధనుస్సు రాశి మీదుగా పోతుంది. బార్నార్డ్ పట్టికలో 92వదైన నల్లని మచ్చ ఆ పట్టీలోనే ఉంది. ఈ ప్రణాళిక లెక్కలో ధూళికి చోటు లేదు, కొలవవలసినవి బిందువులే. అయితే మచ్చ లోపల, బయట నక్షత్రాల సంఖ్యను పోల్చి ధూళి దూరాన్ని అంచనా కట్టే పద్ధతిని హైడెల్‌బర్గ్‌కు చెందిన మాక్స్ వోల్ఫ్ 1923లో చూపాడు కాబట్టి, ధూళిని పట్టుకోవడానికి నక్షత్రాల లెక్క కూడా ఒక దారే అయింది.

నల్లని మేఘాలున్న చోట్లలోనే కాక వాటి మధ్య కూడా పలుచని ధూళి ఉందని, అది దూర నక్షత్రాల వెలుగును తగ్గిస్తున్నదని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్ర గుచ్ఛాల ద్వారా నిరూపించాడు. ధూళి వెలుగును ఆపడమే కాదు, వెదజల్లుతుంది కూడా. కృత్తికల చుట్టూ ఉన్న నీహారిక వర్ణపటం పక్కనున్న నక్షత్రాల వర్ణపటంలాగే ఉందని వెస్టో స్లైఫర్ 1912లోనే చూపడంతో, పరావర్తన నీహారిక అన్న భావనకు పునాది పడింది. ఇక మిగిలిన ప్రశ్న, దగ్గరలో ఏ నక్షత్రమూ లేని ధూళి వెలుగుతుందా అన్నది.

జవాబు పాలొమార్ పర్వతం మీది 48 అంగుళాల ష్మిట్ కెమెరా ప్లేట్ల నుంచి వచ్చింది. ష్మిట్ అంటే గోళాకార దర్పణం ముందు సవరణ కటకాన్ని అమర్చి, విశాలమైన ఆకాశాన్ని ఒకే ప్లేటు మీద పదునుగా పట్టే కెమెరా. 1965లో హాల్టన్ ఆర్ప్ దీనితో ఎం81 పక్కన ఒక వంపు తిరిగిన వెలుగు వలయాన్ని కనుగొని, అది ఆ గెలాక్సీకి చెందినదని భావించాడు. ఆ ఊహ నిరాధారమైనది కాదు: ఎం81, దాని సహచరులైన ఎం82, ఎన్‌జీసీ 3077 ఒకదాన్నొకటి గురుత్వాకర్షణతో లాగుకుంటున్నాయి, వాటి మధ్య హైడ్రోజన్ వాయు వంతెనలున్నట్టు రేడియో పరిశీలనలు తరువాత స్పష్టంగా చూపాయి. కానీ 1976లో అలన్ శాండేజ్ పాలొమార్ ప్లేట్లను విస్తృతంగా చూసి, ఆ ప్రాంతమంతటా ఇలాంటి మసక పాయలే పరుచుకొని ఉన్నాయని, పాలపుంత చక్రానికి ఎత్తున ఉన్న ఈ ధూళి ఏ ఒక్క నక్షత్రం వల్లా కాక, పాలపుంతలోని నక్షత్రాలన్నిటి ఉమ్మడి వెలుగు వల్ల మెరుస్తున్నదని వివరించాడు. ఛాయాచిత్రాన్ని ఇంత నిజాయితీగా చదివిన సందర్భాలు అరుదు.

తరువాతి అడుగులు వేగంగా పడ్డాయి. 1983లో ఐరాస్ ఉపగ్రహం, చల్లని ధూళి వెలువరించే పరారుణ కిరణాల్లో ఆకాశమంతటా ఇవే పాయలను చూడగా, వాటికి సిర్రస్ మబ్బుల పేరు పెట్టారు. 1969లో బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీ సెన్సారు, పడిన వెలుగులో కొద్ది శాతాన్నే నమోదు చేసే ప్లేటుకు బదులు అత్యధిక భాగాన్ని పట్టుకోగలిగే స్థాయికి ఎదిగి, ఔత్సాహికుల చేతికి కూడా వచ్చింది. వారిలో ఒకడైన స్టీవ్ మాండెల్ ఈ మేఘాలను వరుసగా చిత్రించి, శాండేజ్ వివరణకు తగినట్టు "ఇంటిగ్రేటెడ్ ఫ్లక్స్ నెబ్యులా", అంటే ఉమ్మడి వెలుగు నీహారిక, అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు.

ఈ పనిలోని కష్టం దూరదర్శినికన్నా ఎక్కువగా నేపథ్యంలోనే ఉంది. ఊరి దీపాలు సోకని ఆకాశానికి కూడా గాలి పొరల సహజమైన వెలుగు ఉంటుంది. ధూళి వెలుగు చాలాచోట్ల అందులో చాలా చిన్న భాగమే. అందుకే ఒకే చోటును పలు రాత్రులు చిత్రించి ఫ్రేములను కలపాలి, సమానమైన వెలుగును చిత్రించిన ఫ్లాట్ ఫ్రేముతో భాగించి కటకం అంచుల్లో పడే చీకటిని సరిచేయాలి. నేపథ్యంలో ఒక మూల నుంచి మరో మూలకు మారే వెలుగును తీసివేసే సాఫ్ట్‌వేరును అజాగ్రత్తగా వాడితే, అది ధూళిని కూడా ఆకాశపు వెలుగుగానే భావించి చెరిపేస్తుంది. రాబర్ట్స్ ప్లేట్లకు అందనిదాన్ని, అందిన తరువాత పోగొట్టుకోవడం నేడు అంత తేలిక.

ఆర్ప్ వలయం విషయం కూడా 2010లో ఒక కొలిక్కి వచ్చింది. హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని పరారుణ పరిశీలనలు, అదే ఏడాది వెలువడిన మరొక అధ్యయనం కలిసి, ఆ వలయపు వెలుగులో అధిక భాగం పాలపుంత ధూళిదేనని, అయినా ఎం81 దూరంలోనే పుట్టిన యువ నక్షత్రాలు కొన్ని అదే దిశలో ఉన్నాయని చూపాయి. అంటే ఆర్ప్ పూర్తిగా పొరపడలేదు; రెండు వేర్వేరు దూరాల వెలుగులు ఒకే ప్లేటు మీద ఒకదానిపై ఒకటి పడ్డాయి. గెలాక్సీలు చీలి విడిచిన నక్షత్రాల ప్రవాహాలను వెతికే నేటి పరిశోధకులకు ఇది రోజువారీ సమస్య. పాలపుంత ధూళి రంగులు, అంటే వేర్వేరు ఫిల్టర్లలో దాని ప్రకాశాల నిష్పత్తులు, నక్షత్ర సముదాయాల రంగులకు భిన్నంగా ఉంటాయని 2020లో తేలడంతో, పరారుణ పటాల సాయం లేకుండానే, కంటికి కనిపించే వెలుగులో తీసిన చిత్రాల నుంచే ఈ రెంటినీ వేరుచేసే దారి ఏర్పడింది.