ఫైలు పక్కన తేదీ ఎక్కడినుంచి వచ్చింది?

మౌసు లేకుండా, అక్షరాలు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించే పద్ధతి ఒకటుంది. లినక్సులో "ఎల్ఎస్ -ఎల్" అని కొడితే ఫైళ్ళ పేర్లు వరసగా వస్తాయి. ప్రతి పేరు పక్కనా ఒక తేదీ ఉంటుంది. ఆ ఫైలుని చివరిసారి మార్చిన సమయం అది. దాని వెనక చాలా చరిత్ర ఉంది, అందులో మన ప్రాంతం కూడా ఉంది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టారు. 1971 నాటి మొదటి మాన్యువల్లోనే ఎల్ఎస్ ఉంది. అప్పట్లో సమయాన్ని సెకనులో అరవయ్యో వంతుల్లో లెక్కపెట్టేవారు. అలాగైతే 32 బిట్ల సంఖ్య సుమారు రెండేళ్ళ మూడు నెలలకే నిండిపోతుంది. అందుకని తర్వాత సెకన్ల లెక్కకి మారారు. గ్రీనిచ్ సమయం ప్రకారం 1970 జనవరి 1 మొదలైనప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే ఆ లెక్క. మన శాసనాల్లో శక సంవత్సరాలని క్రీ.శ. 78 నుంచి లెక్కపెట్టినట్టే అన్నమాట.

డిస్కులో ఉండేది ఆ అంకె. తెర మీదకి వచ్చేటప్పుడు దానికి ఐదున్నర గంటలు కలిపి మన సమయం చేసి చూపిస్తుంది. ఐదున్నరే ఎందుకు? భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, మన దేశ సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కోరాపుట్ జిల్లాలో జయపురానికి దగ్గర్లోంచే పోతుంది!

ఈ సమయం 1906 జనవరి 1న వచ్చింది. అంతకుముందు రైళ్ళు మద్రాసు సమయంతో నడిచేవి. అది ఇప్పటి సమయానికి తొమ్మిది నిమిషాలు వెనక. 1936 దాకా మన కోరాపుట్, రాయగడ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. కంప్యూటర్లు వాడే టైం జోన్ల పట్టికలో ఆ పాత మద్రాసు సమయం ఇప్పటికీ ఉంది.

అన్ని కంప్యూటర్లూ ఇలా చెయ్యలేదు. పాత డాస్‌లో "డిర్" అని కొట్టేవారు. ఆ ఊరి గడియారం ఎంత చూపిస్తే అంతే ఫైలుకి రాసుకునేది. దాని లెక్క 1980 నుంచి మొదలు.

ఎల్ఎస్‌లో ఇంకో సంగతి ఉంది. ఫైలు ఆరు నెలల లోపుదైతే గంట, నిమిషం చూపిస్తుంది. ఆరు నెలలు దాటితే వాటి బదులు సంవత్సరం వేస్తుంది. అంటే గంట పోయినట్టు కాదు, లోపల ఉంటుంది, మనకి చూపించదంతే.

మరి ఈ తేదీని సాక్ష్యంగా నమ్మొచ్చా? పూర్తిగా నమ్మకూడదు. లినక్సులో మామూలుగా కాపీ చేస్తే కాపీకి కొత్త తేదీ పడుతుంది. "టచ్" అనే కమాండ్‌తో ఏ తేదీ కావాలంటే ఆ తేదీ పెట్టొచ్చు. రేపు మన పెద్దవాళ్ళు చెప్పిన ఊరి సంగతులు తెలుగులో టైపు చేసి దాచామనుకోండి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఫైలు లోపలే రాయాలి. పక్కన కనపడే తేదీ చివరిసారి ఎప్పుడు మార్చారో చెబుతుంది గానీ, ఆ మాట ఎప్పటిదో చెప్పదు.