పండు చేరాకే పేరొచ్చిన రంగు

ఇంగ్లండులో రాబిన్ అనే బుల్లి పిట్ట రొమ్ము చూస్తే ఎవరైనా నారింజ రంగనే అంటారు. అక్కడివాళ్లు మాత్రం వందల ఏళ్లుగా దాన్ని 'రెడ్‌బ్రెస్ట్' అంటున్నారు. ఆ పేరు పెట్టేనాటికి వాళ్లకు 'ఆరెంజ్' అనే విశేషణం లేదు మరి! నక్క ఒళ్లు, మనుషుల రాగి జుట్టు అన్నీ ఎరుపు కిందే లెక్క. 14వ శతాబ్దం చివర్లో చాసర్ కవి తన కథలోని నక్కను వర్ణించాల్సి వచ్చి, పసుపుకీ ఎరుపుకీ నడుమ రంగని చెప్పాడు.

ఆ లోటు తీర్చింది ఒక పండు. దాని పేరుకు మూలం ద్రావిడ భాషల్లో ఉందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. మలయాళంలో నేటికీ నిమ్మజాతి కాయను 'నారంగ' అంటారు. ఆ మాటే సంస్కృతంలో నారంగం, పర్షియాలో నారంగ్, అరబ్బుల నోట నారంజ్. మన నారింజదీ ఆ వంశమే. అరబ్బులు పుల్ల నారింజను స్పెయిన్‌ దాకా తీసుకెళ్లి పెంచారు. స్పానిష్‌లో ఇప్పటికీ దాని పేరు 'నరాంహ'.

మరి 'ఆరెంజ్'లో మొదటి 'న' ఏమైంది? ఫ్రెంచిలో, ఇటాలియన్‌లో 'ఒక' అని చెప్పే మాటలోనూ నకారం ఉంది. దాని పక్కనే పండు పేరు పలికేసరికి రెండు నకారాలూ ఒకటైపోయాయి, పండు తన తొలి హల్లును పోగొట్టుకుంది. బంగారాన్ని ఫ్రెంచిలో 'ఓర్' అంటారు. పసిడిలా మెరిసే పండు కదా, ఆ ధ్వని కూడా వచ్చి చేరింది. నిఘంటువుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయాణం ఇదే.

ఇంగ్లిషులో చాలాకాలం 'ఆరెంజ్' పండు పేరు మాత్రమే. రంగు పేరుగా కనిపించే తొలి దాఖలాల్లో ఒకటి 1502 నాటిది. రాకుమారి మార్గరెట్ ట్యూడర్‌ కోసం కొన్న దుస్తుల వివరాల్లో అది ఉంది. కవులు కాదు, బట్టల పద్దు రాసినవాళ్లు నిలబెట్టిన మాట! 1704లో అచ్చయిన 'ఆప్టిక్స్'లో న్యూటన్ దాన్ని ఏడు రంగుల్లో ఒకటిగా లెక్కించాడు. ఇంద్రధనుస్సు పాఠం పక్కన ఈ కథ కూడా మన పిల్లలకు చెప్పాలి.

ఫ్రాన్స్ దక్షిణాన ఆరెంజ్ అనే ఊరుంది. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. పండుతో దానికి చుట్టరికం లేదు, పలుకుబడిలో రెండూ కలిసిపోయాయి. 1544లో ఆ ఊరి సంస్థానం నస్సౌ వంశపు విలియమ్‌కు వారసత్వంగా దక్కింది. తర్వాత డచ్చివారి స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడు ఆయనే. అలా ఆయన సంస్థానం పేరే ఉన్న ఆ రంగు నెదర్లాండ్స్ జాతీయ వర్ణమైంది, వాళ్ల ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకూ అదే రంగు.