కార్ఖానాలో ఎదిగిన వారసులు: చిలకలపూడి నుంచి ఒక పునఃపరిశీలన

కృష్ణా డెల్టా వ్యాపార చరిత్ర రాసినవారు డబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పారు, ఎవరి చేతుల్లో పెరిగిందో చెప్పారు. స్థాపించినవాడి తర్వాత సంస్థను నడపగల మనిషి ఎవరి దగ్గర, ఏ పని చేస్తూ తయారయ్యాడన్న ప్రశ్నను మాత్రం దాదాపు అందరూ దాటవేశారు. ఈ లోటును చిన్నదిగా చూడడానికి వీల్లేదు. పెట్టుబడి అప్పు తెచ్చుకోవచ్చు, యంత్రం కొనుక్కోవచ్చు. నడిపే మనిషిని మాత్రం సంస్థ తనలోనే పెంచుకోవాలి.

ఈ దాటవేతకు పెద్ద ఉదాహరణ హరీశ్ దామోదరన్ 2008లో ప్రచురించిన ‘ఇండియాస్ న్యూ క్యాపిటలిస్ట్స్’. బజారు నుంచి, కచేరీ నుంచి, పొలం నుంచి ఫ్యాక్టరీకి వచ్చిన మూడు దారులను ఆయన సామాజిక వర్గాల వారీగా గుర్తించారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1988లో, కేరల్ ఉపాధ్య కోస్తా రైతు పెట్టుబడిదారులపై రాసిన వ్యాసంలోనూ చూపు యజమాని పుట్టుక మీదే నిలిచింది. దామోదరన్ శ్రమ గొప్పది, పేర్ల పట్టిక విస్తారమైనది. అయితే ఆయన పుస్తకం మొదటి యజమాని గడప దగ్గరే ఆగిపోతుంది. ఉయ్యూరు చక్కెరనే తీసుకుందాం. 1941లో అక్కడి చక్కెర సంస్థ కేసీపీని నెలకొల్పిన వెలగపూడి రామకృష్ణ ఐ.సి.ఎస్. అధికారి, రైతు కుటుంబీకుడు కూడా. ఆయన వచ్చింది కచేరీ దారినా, పొలం దారినా అని తేల్చినంత మాత్రాన ఫ్యాక్టరీ గురించి తెలిసేది చాలా తక్కువ. నరికిన చెరకు గానుగకు చేరడం ఆలస్యమైతే రసంలో చక్కెర పడిపోతుంది. గానుగ సీజను నెలల్లో ఏ ఊరి చెరకు ఏ రోజు నరకాలో, ఏ బండి ముందు కదలాలో నిర్ణయించే తెలివి కులం నుంచి రాదు. ఆ పనిలో ఏళ్లు గడిపినవాడికే వస్తుంది.

ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపించే చోటు చిలకలపూడి.

బందరును ఆనుకుని ఉన్న ఈ ఊరి పేరు చెబితే తెలుగు ఇళ్లలో ముందు గుర్తొచ్చేది రోల్డుగోల్డు. ‘చిలకలపూడి బంగారం’ అన్న మాట మూడు తరాల ఆడవాళ్ల నోట నలిగింది. పాత పద్ధతిలో రాగి మీద పలుచని బంగారు రేకు తొడిగి, వేడికి అతికించి, కమ్మచ్చులో లాగి తీగ తీసేవారు. తర్వాత కరెంటుతో పూత వేసే కవరింగు వచ్చింది. పద్ధతి మారినా పనిలోని అంచెలు మిగిలాయి: తీగ, అచ్చు, గొలుసు అల్లిక, టంకం, రాళ్ల పొదుగు, మెరుగు, చివరగా పూత. ఇందులో కొంత పని ఇళ్లకు వెళ్లి ఆడవాళ్ల చేతుల మీదుగా కార్ఖానాకు తిరిగి వస్తుంది. ఒక జత గాజులు దుకాణానికి చేరేలోగా ఇన్ని చేతులు మారతాయి. ఆ చేతులన్నిటినీ సమయానికి కలపగలిగినవాడే ఇక్కడ నాయకుడు.

ఈ అంచెలను నాయకత్వ శిక్షణగా ఎవరూ చదవలేదు. చదివితే విషయం తేటపడుతుంది. గొలుసు అల్లే కుర్రవాడికి తెలిసేది తన వేళ్ల పని ఒక్కటే. టంకం దగ్గరికి వచ్చాక పక్కవాడి తప్పు తన పనిని ఎలా పాడుచేస్తుందో తెలుస్తుంది. వెలిగారం చాలకపోయినా, మంట తక్కువైనా అతుకు నిలవదు. అచ్చులు దిద్దే వేళకు ఏ నమూనా అమ్ముడవుతుందో కనిపెట్టాలి, అంటే అంగడి తెలియాలి. ఇక పూత తొట్టి. అక్కడున్నది అసలు బంగారం. కరెంటు ఎంత ఇవ్వాలి, సరుకును ఎంతసేపు ఉంచాలి అన్నదాన్ని బట్టి పూత మందం మారుతుంది. మందం పెరిగితే లాభం కరుగుతుంది, తగ్గితే కార్ఖానా పేరు కరుగుతుంది. ఈ రెండింటి నడుమ రోజూ తీర్పు చెప్పేవాడు మేనేజరు చేసే పనే చేస్తున్నాడు, అతణ్ని అందరూ మేస్త్రి అని పిలిచినా సరే. అరువు ఖాతా కూడా అతని చేతికి వచ్చిన రోజున శిక్షణ పూర్తయినట్టే. ఇంకో వీధిలో సొంత కార్ఖానా తెరవగలిగేది అలాంటివాడే.

ఆర్థికవేత్త ఈడిత్ పెన్‌రోజ్ 1959లో చెప్పిన సిద్ధాంతం సరిగ్గా దీన్నే తాకుతుంది. కలిసి పనిచేసిన అనుభవం ఉన్న నిర్వాహకులు లోపల ఎంతమంది తయారైతే సంస్థ అంత వేగంతోనే పెరగగలదని, బయటి నుంచి తెచ్చుకున్నవారు ఆ కొరతను వెంటనే తీర్చలేరని ఆమె వాదించారు. జనరల్ ఎలక్ట్రిక్ 1956లో క్రోటన్‌విల్‌లో తరగతి గదులు కట్టి సాధించాలనుకున్నదాన్ని చిలకలపూడి కుంపటి దగ్గర సాధించింది. ఈ వృత్తిలో స్వర్ణకార కుటుంబాలు ఉండడం, చాలా కార్ఖానాలు తండ్రి నుంచి కొడుక్కే వెళ్లడం దామోదరన్‌కు అనుకూలించే మాటే. కానీ ఆ కొడుకు సైతం తొట్టి దగ్గర నిలబడనిదే యజమాని కాలేడు.

బందరు పెద్ద సంస్థల చరిత్రను కూడా ఇదే చూపుతో తిరగరాయాలి. భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ప్రారంభించారు. దీన్ని ఒక మహాపురుషుడి ప్రతిభగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆయన అంతకుముందే, 1915లో, కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో ఉన్నారు. దానికీ ముందు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. చదువుతో పాటు చేతిపనీ నేర్పిన విద్యాలయం అది. కోపల్లె చిన్న వయసులోనే పోయినా కళాశాల ఆగలేదు. చందాలు పోగు చేయడం, లెక్కలు చూపడం, ఒకరు తప్పుకుంటే ఇంకొకరు భారం ఎత్తుకోవడం ఈ బృందానికి అక్కడే అలవడ్డాయి. 1923 నాటి బ్యాంకు ఆ అలవాటు ఫలితమని ఈ వ్యాసం అభిప్రాయం. ఆ తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు రావడం కూడా అందుకు సాక్ష్యమే.

1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. మరుసటి ఏడాదే క్రెడిట్ కార్డు తెచ్చిన సంస్థ అది, చొరవకు లోటు లేదు. అయితే అధిపతిని నియమించే అధికారం ఢిల్లీకి వెళ్లింది. లోపల ఎదిగిన అధికారి ఎంత సమర్థుడైనా పై కుర్చీ సంస్థ చేతిలో లేకపోయింది. ప్రభుత్వ రంగ బ్యాంకుల మానవ వనరులపై ఖండేల్వాల్ కమిటీ 2010లో ఇచ్చిన నివేదిక పై స్థాయి అధికారుల్లో అత్యధికులు కొద్ది ఏళ్లలో విరమణ చేస్తారని, వారి వెనుక వరుస సిద్ధంగా లేదని హెచ్చరించింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. విలీనానికి కారణాలు అనేకం కావచ్చు. తన వారసుణ్ని తాను ఎంచుకోలేని సంస్థ పేరు నిలబెట్టుకోవడం కష్టమన్నది వాటిలో ఒకటని ఈ వ్యాసం అభిప్రాయం.

దీనికి పక్కన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని పెట్టి చూడాలి. 1926లో అయ్యగారి రామమూర్తి బందరులో స్థాపించిన ఈ సంస్థను 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. యజమాని మారినా పరికరాల తయారీ అప్పట్లో ఊరు విడిచిపోలేదు. రాత్రిపూట చూపునిచ్చే దృశ్య పరికరాలు ఆ తర్వాత కూడా బందరు యూనిట్ నుంచి వచ్చాయి. సంస్థ ప్రాణం నైపుణ్యాన్ని చేతి నుంచి చేతికి అందించే వరుసలో ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఆ వరుసే చిలకలపూడిలో పలచబడుతోంది. బందరు దగ్గర పోతేపల్లిలో నగల పార్కు ఉంది, రాజ్‌కోట్ సరుకుతోనూ చైనా సరుకుతోనూ పోటీ ఉంది. మాట్లాడుకునేదంతా షెడ్లు, రుణాలు, కరెంటు ఛార్జీల గురించే. పూత తొట్టి దగ్గర రేపు ఎవరు నిలబడతారన్న మాట విధాన పత్రాల్లో లేదు. బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వాణిజ్య, నిర్వహణ శాఖల పరిశోధకులు పోతేపల్లికి వెళ్లి, ప్రతి కార్ఖానాలో ఎవరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో మేస్త్రిల నోటి నుంచే రాసుకోవాలి. ఆ పని పెద్ద మేస్త్రిలు బతికుండగానే జరగాలి.