సీపాప్ మాస్క్ అలవాటు కావాలంటే

గురక ఒక్కసారిగా ఆగిపోతుంది. కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ ఊపిరి తీసుకుంటారు. మా అబ్బాకి ఇలాగే అయ్యేది. అమ్మీ పక్కనే లేచి కూర్చునేది, ఊపిరి వచ్చిందా లేదా అని. దీని పేరు స్లీప్ అప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే ఒకసారిగా లెక్క.

సీపాప్ మిషన్ గాలిని ఒత్తిడితో పంపి ఆ దారి మూసుకోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ బృందం 1981లో ఈ పద్ధతిని ప్రకటించింది. ఇది ఆక్సిజన్ కాదండీ, గదిలో ఉన్న మామూలు గాలే.

కష్టమంతా మాస్క్‌తోనే. అబ్బా మొదటి రాత్రి అరగంటకే పీకేశారు. రెండు నెలలు మిషన్ అల్మారాలోనే ఉంది. కొన్నచోట కుర్చీలో కూర్చోబెట్టి మాస్క్ కట్టి పంపేశారు, పొరపాటంతా అక్కడే. పడుకుని, మిషన్ ఆన్ చేశాక పట్టీలు సరిచేసుకోవాలి. గాలి లీకవుతోందని గట్టిగా బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది, లీకు మాత్రం ఆగదు. మాస్క్‌ను కొంచెం ముందుకు లాగి, కుషన్‌లో గాలి నిండాక మళ్లీ ఆనించాలి.

గడ్డం ఉన్నవాళ్లకు ముక్కూ నోరూ కప్పే మాస్క్‌తో లీకు ఎక్కువ. అలాగని గడ్డం తీయక్కర్లేదు. ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే నేసల్ పిల్లోస్ అడగండి. నోటితో ఊపిరి తీసుకునే అలవాటుంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. మాస్క్ సరిపోకపోతే మార్చిస్తారా అన్నది బిల్లు కట్టకముందే తేల్చుకోండి, చాలా డబ్బుతో పని.

మొదట పగలే, టీవీ చూస్తూ పదిహేను నిమిషాలు పెట్టుకోండి. తర్వాత మిషన్ ఆన్ చేసి. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకులో. ఒత్తిడి మెల్లగా పెరిగే ర్యాంప్ సెట్టింగ్ చాలా మిషన్లలో ఉంటుంది, అబ్బాకి అదే కలిసొచ్చింది. నోరు, ముక్కు ఎండిపోతుంటే హ్యూమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి వాడాలి. కుషన్‌ను రోజూ తేలికపాటి సబ్బునీళ్లతో కడగండి, ముఖం జిడ్డు ఉంటే అది జారిపోతుంది.

రంజాన్‌లో నిద్ర రెండు ముక్కలవుతుంది. సెహ్రీ, ఫజర్ అయ్యాక పడుకునే రెండో నిద్రకి కూడా మాస్క్ ఉండాలి. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఒత్తిడి అంకె మాత్రం మీరే మార్చకండి, డాక్టర్ రాసిందే ఉంచండి.